సున్నం ఎంతవ్వా?

సంక్రాంతికి మా చిత్తూరు జిల్లా పల్లెకు వెళ్లి, వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పి ఇంకో రెండు వారాలు అక్కడే ఉండిపోయా. ఓ పొద్దున స్టాండప్ కాల్‌లో ఉండగా కొట్టం నుంచి అవ్వ కేక. 'ఒరేయ్, ఆ ఫోను పక్కనపెట్టి రారా!'

మా జెర్సీ ఆవు పొదుగు ఒకవైపు గట్టిపడింది. పిండితే పాలల్లో పెరుగు తునకలు. పొదుగువాపు! ఆ పాలు కేంద్రంలో పోయించుకోరు. ఇంటి ఖర్చులన్నీ పాల బిల్లు మీదే.

నాలుగేళ్ల కింద ఇలాగే అయితే, వారం రోజులు పసరు వైద్యమే చేశారు. ఆవుకి జ్వరమొచ్చినా డాక్టర్‌ని పిలవలేదు. ఒక చన్ను ఎండిపోయింది. సగం ధరకు అమ్మేశారు. ఆ సంగతి అవ్వ ఇంకా మర్చిపోలేదు. 'సాయంత్రానికి ఒళ్లు కాలితే 1962కి ఫోన్ చెయ్' అని ముందే చెప్పింది.

ఈలోపు కలబంద మట్టల ముళ్లు తీసి, పసుపు, తాంబూలం సున్నం వేసి రోట్లో నూరింది. ముద్ద ఎర్రగా తిరిగింది. దిష్టి నీళ్లు ఎర్రబడేదీ ఇందుకే, పసుపుకి సున్నం తగిలితే అంతే.

'ఎంతెంత వేశావవ్వా?'

'చేతికి తెలుస్తాదిలే.'

డాక్యుమెంటేషన్ లేని కోడ్ అన్నమాట! ఫోన్‌లో వెతికితే జాతీయ పాడి అభివృద్ధి సంస్థ చెప్పే మందు కూడా ఇదే. కలబంద 250 గ్రాములు, పసుపు 50, సున్నం 15. వంటింటి కాటా తెచ్చి అవ్వ తీసినవన్నీ తూచా. కలబంద, పసుపు దాదాపు సరిపోయాయి. సున్నం మాత్రం రెట్టింపు ఉంది.

'అందుకేనా పోయినసారి పొదుగు తోలు పగిలింది!' అంది అవ్వ.

ఐదు రోజులు, రోజుకి పదిసార్లు. పాలు పూర్తిగా పిండి పారబోసి, పొదుగు కడిగి, పిడికెడు ముద్ద నీళ్లల్లో పలచగా కలిపి పూయాలి. మీటింగుల మధ్య రిమైండర్లు పెట్టుకున్నా. మూడు రోజులు రోజుకి రెండు నిమ్మకాయలు కోసి తినిపించాం కూడా. జ్వరం రాలేదు. అయినా మూడోరోజు డాక్టర్ గారిని పిలిచాం. పాలు పరీక్షించి, 'తగ్గుతోంది, ఇంజెక్షన్ వద్దులే' అన్నారు. యాంటీబయాటిక్ వేస్తే అది పాలల్లోకి దిగుతుంది, కొన్నాళ్లు ఆ పాలు అమ్మకూడదు.

ఐదోరోజు పాలు తెల్లగా దిగాయి. అవ్వ హుషారుగా ఇంకో మందు ఎత్తుకుంది. పుండులో పురుగులు పడితే సీతాఫలం ఆకు నూరి పెట్టాలట. నోట్స్ యాప్ తెరిచా.

'ఎంత ఆకు?'

'గుప్పెడు.'

'నీ గుప్పెడా, నా గుప్పెడా?'

అవ్వ నా చెయ్యి పట్టుకుని చూసి, 'కాటా తేపో' అంది.