లోహానికి అంటే జిగురు

పంటికి వేయించుకొన్న ‘క్యాప్’ మీది పింగాణీ పెచ్చు ఊడిపోయి, లోపలి లోహం నల్లగా బయటపడినవారిని మనం చూసే ఉంటాము. అది ముందుపన్ను అయితే ఆ మనిషి నవ్వడానికే జంకుతాడు. క్యాప్‌ను కోసి తీసి కొత్తది వేయవచ్చును. కాని కోసేటప్పుడు అడుగునున్న అసలు పంటికే దెబ్బ తగిలే ప్రమాదమున్నది. ఖర్చు సంగతి చెప్పనక్కరలేదు. ఊడినంతమేర రెసిన్‌తో పూడ్చడం రెండవ మార్గము. అయితే మామూలు రెసిన్ నున్నని లోహాన్ని పట్టుకొనదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

పంటి ఎనామిల్‌ను ఫాస్ఫారిక్ ఆమ్లంతో గరుకు చేస్తే రెసిన్ అంటుకొంటుందని 1955లో బ్యునకోర్ చూపినాడు. దంతవైద్యులు వాడే మిశ్రలోహాలను ఆ ఆమ్లం శుభ్రపరుస్తుందే గాని గరుకు చేయదు. 1973లో రోషెట్ లోహపు రేకుకు రంధ్రాలు చేయించి, రెసిన్ వాటిలో దూరి మేకువలె బిగుసుకొనేటట్లు చేసినాడు. అది ప్రయోగశాలలో జరిగే పని. నోటిలో ఉన్న క్యాప్‌కు పనికిరాదు.

1980 దశకంలో జపానునుండి ఎం.డి.పి. అనే పదార్థం వచ్చినది. దాని అణువుకు ఒక కొసన ఫాస్ఫేటు, మరొక కొసన రెసిన్‌తో కలిసిపోయే భాగము ఉంటాయి. నికెల్, క్రోమియం, కోబాల్టులపై సహజంగా ఏర్పడే ఆక్సైడు పొరను ఫాస్ఫేటు పట్టుకొంటుంది. బంగారానికి అటువంటి పొర ఏర్పడదు గనుక ఈ ఉపాయం అక్కడ పారదు. (ఉత్కృష్ట లోహమైనందుకు ఇదొక శిక్ష!) కొందరు దానికి తగరపు పూత పూసి చూచినారు. మన వీధులలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు వాడేదీ ఆ తగరమే. తరువాత గంధకం కలిగిన ప్రైమర్లు వచ్చినవి.

మరమ్మతుకు మొదట పంటి చుట్టూ రబ్బరు తెర కట్టి, సుమారు 50 మైక్రాన్ల అల్యూమినా రేణువులను గాలి ఒత్తిడితో లోహంపై చిమ్ముతారు. ఆపైన ప్రైమర్, లోహపు నలుపును కప్పే రెసిన్, చివర పంటి రంగు రెసిన్ పొరలు పొరలుగా వేసి నీలికాంతితో గట్టిపరుస్తారు. మధ్యలో ఉమ్మి తడి తగిలితే శుభ్రపరచడం మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇంతచేసినా ఈ అతుకు శాశ్వతమని మేము చెప్పలేము. వేడి తేనీటికి రెసిన్ లోహంకంటె ఎక్కువగా వ్యాకోచిస్తుంది; సందులోకి తడి చేరుతుంది. ఎదుటి పన్ను ఆ చోటనే బలంగా తగులుతూ పెచ్చు ఊడి ఉంటే, ఆ తాకిడిని ముందుగా సరిచేయని మరమ్మతు మళ్ళీ అక్కడే ఊడుతుంది.