పెరటి చలివేంద్రం

వేసవిలో బాటసారుల దప్పిక తీర్చే తావును సంస్కృతంలో ‘ప్రప’ అంటారు. తెలుగులో దానినే చలిపందిరి, చలివేంద్రం అని పిలుచుకుంటాం. దప్పిగొన్నవారికి నీరివ్వడం పుణ్యకార్యమని మన పూర్వుల విశ్వాసం. అయితే మన పెరట్లోనే తిరుగుతూ, గుడ్లు పెట్టి, పేద గృహిణి చేతికి నాలుగు రూపాయలు అందించే కోడికి నీటి వసతి ఉన్నదా అని ఆలోచించేవారు తక్కువ. గింజలు చల్లడంలో ఉన్న శ్రద్ధ నీటి విషయంలో కనిపించదు.

గుడ్డులో సుమారు నాలుగింట మూడు వంతులు నీరే. పెద్దకోడి రోజుకు దాదాపు పావులీటరు నీరు తాగుతుంది. ఎండలు ముదిరితే దానికి రెట్టింపు అవసరం కావచ్చు. కోడికి స్వేదగ్రంథులు లేవు. వేడికి తాళలేనప్పుడు అది నోరు తెరిచి రొప్పుతుంది. ఆ రొప్పుతో లోపలి తేమ ఆవిరై శరీరం చల్లబడుతుంది. అలా కోల్పోయిన నీరు తిరిగి అందకపోతే మొదట గుడ్లు తగ్గుతాయి, ఆపైన ప్రాణానికే ముప్పు వస్తుంది.

మూకుడుతో నీళ్లు పెడితే చాలదా అని అనిపించవచ్చు. కోడి కాళ్లతో మన్ను చిమ్ముతుంది, మూకుడు అంచు మీదికెక్కి నిలుస్తుంది, నీటిలోనే రెట్ట వేస్తుంది. రక్తపారుడు, కొక్కెర తెగులు వంటి వ్యాధులు ఒక కోడి నుండి మందకంతటికీ పాకడానికి ఇటువంటి మురికినీరు ఒక మార్గం. కాబట్టి నీరు కోడికి అందాలి గాని, కోడి నీటిలో దిగరాదు.

ఇందుకు ఖర్చు లేని ఉపాయం ఒకటి ఉంది. వెడల్పు మూతి గల పాత ప్లాస్టిక్ డబ్బాకు అంచు నుండి అంగుళం దూరంలో ఒక చిన్న రంధ్రం చేయాలి. దానిని నీటితో నింపి, రెండంగుళాల లోతు గల పళ్లెంతో మూసి, రెండింటినీ కలిపి ఒక్కసారిగా బోర్లించాలి. పళ్లెంలో నీరు రంధ్రం మునిగేంతవరకు చేరి ఆగిపోతుంది. డబ్బాలోని నీరు దిగాలంటే ఆ చోటులోకి గాలి వెళ్లాలి. రంధ్రం మునిగి ఉన్నంతసేపు గాలికి దారి లేదు. బయటి వాతావరణ పీడనం లోపలి నీటిని నిలిపి ఉంచుతుంది. కోళ్లు తాగి మట్టం తగ్గగానే గాలిబుడగలు లోనికి పోయి, అంతమేరకు నీరు దిగుతుంది. డబ్బాకు మరెక్కడా చిల్లు ఉండరాదు.

పది కోళ్లకు మామూలు రోజుల్లో రెండున్నర లీటర్లు, వేసవిలో ఐదు లీటర్లు పట్టే డబ్బా సరిపోతుంది. డబ్బాకూ పళ్లెం అంచుకూ నడుమ ముక్కు పట్టేంత ఎడమే ఉండాలి. పళ్లేన్ని ఇటుకల మీద కోడి వీపు ఎత్తున నిలిపితే మన్ను పడదు. పిల్లలకు మాత్రం వేరుగా, నేలమట్టాన పెట్టి, అవి మునిగిపోకుండా పళ్లెంలో గులకరాళ్లు వేయాలి. పురుగుమందు నిలువ చేసిన డబ్బాలను ఎంత కడిగినా వాడరాదు. కొంత ఖర్చు భరించగలవారు బకెట్టు అడుగున నిపిల్ బిగించుకోవచ్చు. కోడి ముక్కుతో తాకినప్పుడే చుక్క దిగుతుంది కనుక నీరు చెడదు.

శ్రమ తక్కువంటే శ్రద్ధ అక్కరలేదని కాదు. ఎండకు వేడెక్కిన నీటిని కోడి ముట్టదు. అందుచేత డబ్బాను చెట్టునీడన ఉంచాలి. మధ్యాహ్నం కుండలోని చల్లని నీరు నింపితే మరీ మంచిది. పళ్లెంలోని జిగురును ప్రతి ఉదయం రుద్ది కడగాలి. రోజూ నీరు మార్చే చోట దోమపిల్లలు ఎదగలేవు.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే ‘వనరాజా’, ‘గ్రామప్రియ’ వంటి మేలుజాతులను రూపొందించింది. జాతి ఎంత మేలైనదైనా గొంతు తడవనిదే గుడ్డు పెట్టదు. బాటసారికి పోసిన నీటికి ప్రతిఫలం ఆశించం. పెరటికోడి మాత్రం తాగిన నీటి రుణాన్ని తన గుడ్లతో తీర్చుకుంటుంది.