ఇంటర్నెట్ ఫోన్ అడాప్టరు

ఇంటర్నెట్ ఫోన్ అడాప్టరు సాధారణ టెలిఫోనును ఇంటర్నెట్‌కు అనుసంధానించే పరికరం. ఇది మాటలను డిజిటల్ ప్యాకెట్లుగా మార్చి పంపుతుంది.

పదేపదే పునఃప్రారంభం కావడం

దీనికి తరచుగా విద్యుత్ సరఫరాయే కారణం. గంట మోగించడానికి కావలసిన అనేక పదుల వోల్టుల ఏకాంతర విద్యుత్తును పరికరం 5 లేదా 12 వోల్టుల సరఫరా నుండే తయారుచేసుకుంటుంది. పవర్ అడాప్టరులోని కెపాసిటర్లు పాతబడితే ఆ సమయంలో వోల్టేజి పడిపోయి పరికరం ఆగి, మళ్ళీ మొదలవుతుంది.

పరీక్షించే విధానం

* ఇంటి వైరింగును తొలగించి, ఒకే ఫోనును నేరుగా కలిపి గంట మోగించాలి. సక్రమంగా పనిచేస్తే లోపం వైరింగులో గానీ ఎక్కువ ఫోన్ల భారంలో గానీ ఉంటుంది.
* అప్పటికీ ఆగిపోతుంటే అదే వోల్టేజి, అదే ధ్రువత్వం కలిగి, ఆంపియర్లు తగ్గని మరో పవర్ అడాప్టరును వాడి చూడాలి.

పరికరం ఆగిన వేళ అత్యవసర కాల్ కూడా వెళ్ళదు. కనుక లోపం సరిచేసేవరకు మొబైల్ ఫోనును అందుబాటులో ఉంచుకోవాలి.