రోజుకి 20 నిమిషాల్లో బిజినెస్ వార్తలు

2025 ఫిబ్రవరిలో రెంటచింతల నుంచి నాన్న ఫోన్ చేశారు. "క్వింటా మిర్చికి 11,781 అంటున్నార్రా, టిక్కీలు అమ్మనా, ఆగనా?" పొద్దున్నించీ బిజినెస్ న్యూసే చూస్తున్నా, "ఆగండి నాన్నా" అనేశాను. నేను చదివింది హెడ్డింగ్ మాత్రమే.

లోపల ఉన్నది వేరు. సర్కారు ఆ రేటుకి సరుకు కొనదు. మార్కెట్ రేటు తగ్గితే, ఆ తేడాని కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరిస్తాయి. అదీ 2.58 లక్షల టన్నుల వరకే.

అప్పట్నుంచి పద్ధతి మార్చాను. పొద్దున పది నిమిషాలు: ఒక పేపర్లో బిజినెస్ పేజీ, గుంటూరు యార్డు రేట్లు. మధ్యాహ్నం మూడున్నరకి స్టాక్ మార్కెట్ మూశాక ఇంకో పది నిమిషాలు. మధ్యలో నోటిఫికేషన్లు ఆఫ్. ఆర్‌బీఐ వడ్డీ రేట్ల సమావేశం దాదాపు రెండు నెలలకోసారే. ఆ తేదీలు ముందే క్యాలెండర్లో పెట్టుకుంటా. రోజూ ఊహాగానాలు వినక్కర్లేదు.

ప్రతి వార్తకీ మూడు ప్రశ్నలు వేస్తా: ఎవరికి? ఎంతవరకు? ఎప్పట్నుంచి? జవాబు దొరక్కపోతే అసలు ప్రకటనే తెరుస్తా. పీఐబీ, ఆర్‌బీఐ, సెబీ సైట్లలో అవి ఉచితమే.

అమ్మాలా వద్దా అన్నది నాన్న ఇష్టం. వార్తలో ఏముందో సరిగ్గా చెప్పడం మాత్రం నా బాధ్యత.