బతికి వచ్చినవాళ్లతో ఎలా ఉండాలి?

పెడనలో ఆశా కార్యకర్తని. విషం తీసుకుని బతికి బయటపడ్డవాళ్ల ఇళ్లకు వెళుతుంటాను. పశ్చిమ దేశాల్లో ఇలాంటివాళ్లలో ఆడవాళ్లు బాగా ఎక్కువ; మన ఆసియా పల్లెల్లో ఆ తేడా తక్కువ. నేను చూసినంతలో మగ్గం నేసే ఆయనకు అప్పు, తాగుడు. కండెలు చుట్టే ఆవిడకు మొగుడి దెబ్బలు, అత్త మాటలు. కలంకారీ షెడ్డులో అచ్చులద్దే ఒక కోడలు, వేళ్లకు రంగు ఆరకుండానే, "చావాలని కాదక్కా, నా గోడు ఎవరూ వినలేదు" అంది.

ప్రమాదకరమైన పురుగుమందుల్ని నిషేధించాక శ్రీలంకలో ఆత్మహత్యలు బాగా తగ్గాయి. అంటే, చేతికి విషం అందక ఆ ఆవేశపు ఘడియ దాటితే చాలామంది బతుకుతారు.

అలా బతికి ఇంటికొచ్చాక ఆడపిల్లని "పరువు తీశావు" అంటారు, మగవాణ్ణి అసలు పలకరించరు. రెండూ అన్యాయమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వాళ్లకు శిక్ష కాదు, వైద్యం ఇవ్వమంటోంది. మీ ఇంట్లో ఎవరైనా అలా ఉంటే పక్కన కూర్చోండి, 14416 టెలీమానస్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయించండి. తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.