మెదడులో ‘కత్తెర’ ఎంజైములు.. పరిశోధనకు పిలుపు

పెద్దవాళ్లలో మతిమరుపు పెరిగితే ‘వయసు మీద పడింది కదా’ అని సరిపెట్టుకుంటాం. కానీ అల్జీమర్స్ జబ్బే తప్ప వృద్ధాప్య లక్షణం కాదు. డిమెన్షియా కేసుల్లో ఎక్కువ భాగం దీనివే. ఈ జబ్బు వచ్చినవారి మెదడులో అమైలాయిడ్ బీటా అనే ప్రొటీన్ ముక్కలు గడ్డలుగా పేరుకుపోతాయి.

విశేషమేంటంటే.. ఈ ముక్కలు ఆరోగ్యవంతుల మెదడులోనూ తయారవుతూనే ఉంటాయి. వాటిని ఎప్పటికప్పుడు తొలగించే ఏర్పాట్లలో ఎంజైములు ముఖ్యమైనవి.

ఏమిటా ఎంజైములు?

నెప్రిలైసిన్, ఇన్సులిన్ డిగ్రేడింగ్ ఎంజైమ్.. రెండూ జింక్ సాయంతో పనిచేస్తాయి. అమైలాయిడ్ బీటాను కత్తిరించినట్టు చిన్న ముక్కలు చేస్తాయి. నెప్రిలైసిన్ జన్యువు లేని ఎలుకల మెదడులో అమైలాయిడ్ బీటా పెరుగుతుందని జపాన్‌లోని రికెన్ సంస్థ శాస్త్రవేత్తలు 2001లో చూపించారు. రెండో ఎంజైమ్ ఇన్సులిన్‌నూ విడగొడుతుంది. మధుమేహం, డిమెన్షియాల సంబంధంపై పరిశోధకులు దృష్టిపెట్టడానికి ఇదో కారణం.

మరి మందు ఎందుకు రాలేదు?

నెప్రిలైసిన్‌ను పెంచేస్తే సరిపోదా అనిపిస్తుంది. చిక్కు ఇక్కడే ఉంది. గుండెకు మేలుచేసే కొన్ని హార్మోన్లనూ ఇది విడగొడుతుంది. అందుకే గుండె వైఫల్యానికి వాడే సాక్యుబిట్రిల్ మందు దీన్ని అడ్డుకునేలా తయారైంది. అంటే, ఒంట్లో మరెక్కడా కాకుండా మెదడులోనే దీన్ని పెంచాలి. రక్తం నుంచి మెదడులోకి చాలా మందులు చేరవు. అమెరికాలో 2023లో అనుమతి పొందిన లెకనెమాబ్ కూడా యాంటీబాడీయే, ఎంజైమ్ కాదు. అదైనా జబ్బును నెమ్మదింపజేస్తుందే గానీ నయం చేయదు. మీ తరానికి మిగిలిన పని ఇదే.

ఏం చదవాలి?

* బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, లైఫ్ సైన్సెస్‌లో ఎమ్మెస్సీ చేసినవారు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే పీహెచ్‌డీకి ఫెలోషిప్ అందుతుంది. గేట్ మరో మార్గం.
* బీఫార్మసీ వాళ్లు జీప్యాట్‌తో ఎంఫార్మసీలో ఫార్మకాలజీ ఎంచుకోవచ్చు. హైదరాబాద్‌లో నైపర్ ఉంది.
* హైదరాబాద్‌లోని సీసీఎంబీ, బెంగళూరులోని నిమ్‌హాన్స్, మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం వెబ్‌సైట్లలో ప్రాజెక్టు ఉద్యోగాల నోటిఫికేషన్లు గమనిస్తుండండి.

ఇప్పట్నుంచే..

ఎంజైమ్ కైనెటిక్స్‌ను మార్కుల కోసం బట్టీ పట్టొద్దు. ఇన్హిబిటర్ అంటే ఏంటని ఇంటర్వ్యూలో అడిగితే నిర్వచనం అప్పజెప్పకుండా సాక్యుబిట్రిల్ ఉదాహరణతో వివరించండి. సబ్జెక్టు అర్థమైందని బోర్డుకు ఇట్టే తెలిసిపోతుంది. పీహెచ్‌డీకి ఏళ్లు పడుతుంది. ఇంట్లో వెంటనే సంపాదన అవసరమైతే ముందు ఫార్మా, క్లినికల్ రిసెర్చ్ కంపెనీల్లో చేరి, తర్వాత పరిశోధన వైపు రావచ్చు.