ఎదురుపాటు - ఎరుక

వైకుంఠపాళి ఎరుగని తెలుగువారు అరుదు. ఆ పటముపై పెద్దపాము నోట పడిన కాయ ఎవరిదైనను క్రిందికి జారవలసినదే. ఆడువాడు బాలుడా, వృద్ధుడా అని పాము విచారింపదు. అయినను పాము అన్యాయము చేసినదని ఎవరును అలుగరు. ఆట మొదలు కాకముందే అది అందరి కన్నుల ఎదుట ఉన్నది గదా! మేము వివరింపబోవు విషయమునకు ఈ చిన్న సత్యమే మూలము.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు రచించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆట వెలువడినది. కొందరు బల్ల చుట్టు కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, మాటలతోనే సాహసయాత్ర సాగింతురు. నిర్వాహకుడొకడు లోకమును వర్ణించును. ఫలితము సందేహమైనచోట పాచికలు తీర్పు చెప్పును. ఇట్టి ఆటలలో ముందే అల్లిన కథ లేక, పటమును ముందుంచి, ఇష్టమైన దిక్కునకు పొమ్మను పద్ధతికి శాండ్‌బాక్స్ అని పేరు. పిల్లలు ఇసుకలో తమకు తోచినది కట్టుకొనినట్లు ఆటగాండ్రు తమ కథను తామే కట్టుకొందురు. దారిలో తటస్థించు మృగమును, దొంగల గుంపును, బాటసారిని ఇక్కడ 'ఎదురుపాటు' అందుము.

ఎదురుపాట్లను కూర్చుటకు రెండు మార్గములు కలవు. మొదటిది, ఆటగాండ్ర బలమును తూచి తగిన శత్రువును నిలుపుట. 2000లో వచ్చిన మూడవ కూర్పు దీనికి లెక్క కట్టినది: నలుగురి జట్టుకు సరిజోడైన పోరాటము వారి శక్తిసాధనములలో సుమారు ఐదవవంతును ఖర్చు చేయించవలెను. రెండవది, లోకమును దాని తీరున ఉండనిచ్చుట. 1974 నాటి పుస్తకములలో అడవిలో తగులు ఆర్క్ అను రాక్షసుల గుంపు 30 నుండి 300 వరకు ఉండవచ్చును. ఎదుట ఉన్నది నలుగురే అన్న జాలి లేదు. శాండ్‌బాక్స్ ఈ రెండవ మార్గమునకు చెందినది. గుహలోని మహాసర్పము ఆటగాండ్రు బలవంతులైన నాడు పుట్టదు. మొదటినుండి అక్కడనే ఉండును. అందుచేతనే "ఎటు పోదము?" అను ప్రశ్నకు విలువ కలుగుచున్నది.

ఇది క్రౌర్యము కాదా? ఆ పాత నియమములే తప్పుకొను దారిని కూడ చూపినవి. ఎదుటివారి వైఖరిని రెండు పాచికలతో నిర్ణయింతురు. పాచికలు పడు 36 విధములలో 10 మాత్రమే ప్రతికూలము, 16 సందిగ్ధము, 10 అనుకూలము. లంచమిచ్చినను, భయపెట్టినను ఆ సంఖ్య మారును. కనుక ప్రతి ఎదురుపాటును యుద్ధమే కానక్కరలేదు. మాటలాడవచ్చును, బేరమాడవచ్చును, వెనుదిరుగవచ్చును.

కాని ఈ సంగతి ఆటగాండ్రకు తెలియవలెను గదా! నిరుడు కొందరు విద్యార్థులతో మేము ఆదివారములందు ఈ ఆట సాగించితిమి. ఒక విద్యార్థి మూడు నెలలుగా ప్రేమతో పెంచుకొనిన యోధుడు వంతెన క్రింది రాక్షసునిపై కత్తి దూసి క్షణములో నేలకొరిగెను. "గెలవలేనిదాన్ని మీరు మా ముందు పెట్టరనుకున్నాను సార్" అని మాత్రమే అతడు పలికెను. తరువాతి ఆదివారము రాలేదు. తప్పు మాదే. అతడు మొదటి మార్గమును నమ్మి ఆడినాడు. మేము రెండవ మార్గమున నడిపితిమి. ఆ భేదమును ముందుగా చెప్పలేదు. వంతెన చెంత ఎముకల గుట్టనైనను, పల్లెవాసుల హెచ్చరికనైనను చూపలేదు. అతని గదికి పోయి ఈ మాటయే ఒప్పుకొంటిమి. అతడు మరల వచ్చినాడు, క్రొత్త పాత్రతో.

అరబ్బీలో 'నిస్ఫ్' అనగా సగము. మన ఉర్దూ సోదరులు న్యాయమునకు వాడు 'ఇన్సాఫ్' అను మాట ఆ ధాతువు నుండి పుట్టినదే. ఈ ఆటలోని న్యాయము కూడ చెరిసగమే. అపాయపు జాడలు ముందుగా చూపుట నిర్వాహకుని సగము. వానిని గమనించి అడుగు వేయుట ఆటగాని సగము. పామును తొలగింప పనిలేదు; పటముపై కనబడునట్లు గీసిన చాలును.